పెద్దవాళ్ల దిగులు, గాభరా: ఏ స్కాన్, ఎప్పుడు, అసలు అవసరమా?

అమ్మ సరిగ్గా తినట్లేదు. రాత్రి రెండింటికి లేచి హాల్లో కూర్చుంటోంది. గుండె దడ అంటుంది, తల దిమ్ము అంటుంది. ఈసీజీ బాగానే ఉంది. ఇక మిగిలింది తలే కదా, ఒకసారి స్కాన్ తీయించేస్తే పోతుందని ఇంట్లో అందరూ ఒక మాట మీదికి వస్తారు. అనంతపురం నుంచో నెల్లూరు నుంచో పెద్దవాళ్లని తెచ్చుకుని బెంగళూరు మారతహళ్లిలోనో వైట్‌ఫీల్డ్‌లోనో ఉంటున్న మన ఇళ్లలో ఇది మామూలుగా జరిగేదే. సెంటర్‌కి ఫోన్ చేస్తే అవతలి నుంచి ఎదురు ప్రశ్న వస్తుంది: సీటీనా, ఎమ్మారైయా? కాంట్రాస్టుతోనా, లేకుండానా?

ఆ ప్రశ్నకి జవాబు వెతికేముందు ఒక సంగతి తెలియాలి. డిప్రెషన్ ఉందో లేదో, యాంగ్జైటీ ఉందో లేదో ఫిల్ము చూసి చెప్పే స్కాన్ ఈరోజుకీ లేదు. అవి డాక్టర్ మనిషితో మాట్లాడి, ఇంట్లోవాళ్లు చెప్పింది విని తేల్చే జబ్బులు. స్కాన్ చేసే పని వేరు. పైకి దిగులులా కనిపిస్తున్నదాని వెనక మెదడులో ఇంకేదైనా ఉందా అని వెతకడం: గడ్డ, గూడుకట్టిన రక్తం, తెలియకుండా వచ్చిపోయిన చిన్న స్ట్రోకులు, మతిమరుపు జబ్బు తొలిదశ. ఏ స్కాన్ తీయించాలన్నది దేనికోసం వెతుకుతున్నామన్న దాన్ని బట్టే తేలుతుంది. వెతకడానికి కారణం లేకపోతే ఏ స్కానూ వద్దు.

స్కాన్‌కి ముందు

నన్నడిగితే, స్కాన్‌కి పెట్టే డబ్బులో చిన్న భాగం ముందు రక్తపరీక్షలకి పెట్టాలి. థైరాయిడ్, బి12, హిమోగ్లోబిన్, సోడియం, షుగర్, కాల్షియం, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్. థైరాయిడ్ తగ్గితే మనిషి మందకొడిగా, ఏ ఆసక్తీ లేకుండా అయిపోతారు. పెరిగితే దడ, చెమటలు, వణుకు వస్తాయి, అచ్చం గాభరాలాగే ఉంటుంది. శాకాహారులకీ, షుగర్‌కి ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వేసుకుంటున్నవాళ్లకీ బి12 తగ్గడం చాలా మామూలు. సోడియం సంగతి ఇంకా ముఖ్యం. బీపీకి ఇచ్చే కొన్ని నీటి మాత్రల వల్ల పెద్దవాళ్లలో అది పడిపోతుంది. ఎస్సిటాలోప్రామ్ లాంటి డిప్రెషన్ మందుల వల్ల కూడా పడిపోవచ్చు. సోడియం పడిపోయిన మనిషి నీరసంగా, అయోమయంగా, ఒక్కోసారి వేరే మనిషిలా ప్రవర్తిస్తారు. ఇదేదీ ఎమ్మారైలో కనపడదు.

మందుల డబ్బా మొత్తం డాక్టర్ ముందు పెట్టండి. ఆయాసానికి వాడే ఇన్‌హేలర్ దడ తెప్పిస్తుంది. గాభరాకి, నిద్రకి రోజూ వేసుకునే ఆల్ప్రాజొలం ఒక్కసారిగా మానేస్తే నిద్ర పట్టక గాభరా రెట్టింపవుతుంది. ఊళ్లో మెడికల్ షాపువాడు ఇచ్చిన మాత్ర బెంగళూరొచ్చాక దొరకలేదని మానేసిన పెద్దవాళ్లు మీరనుకున్నదానికంటే ఎక్కువమందే ఉంటారు.

తర్వాత మాట్లాడటం. ఓపీ గదిలో సాధారణంగా ఇలా నడుస్తుంది. "నిద్ర ఎట్లా ఉందమ్మా?" అని డాక్టర్ అడుగుతాడు. ఆమె నోరు తెరిచేలోపే కొడుకు అందుకుంటాడు: "యాంగ్జైటీ ఎక్కువైంది డాక్టర్, రెండు నెలల నుంచి." తెలుగొచ్చిన డాక్టరైతే కొడుకుని కాసేపు బయట కూర్చోమని మళ్లీ అడుగుతాడు. "నాకేం దిగులు లేదు నాయనా, పడుకుంటే తెల్లారదు, అంతే." పగలంతా ఎవరితో మాట్లాడతారమ్మా అంటే, "పన్నెండో అంతస్తులో ఎవరుంటారు నాయనా, పావురాలు తప్ప." ఈ రెండు మాటల్లో దొరికేది ఏ మిషనూ ఇవ్వదు. అందుకే తెలుగు మాట్లాడే డాక్టరుని వెతకడం గొంతెమ్మ కోరికేం కాదు. ఈ ఊళ్లో దొరుకుతారు, అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడగండి.

పరీక్షలు కూడా తెలుగులో చేయించవచ్చు. పెద్దవాళ్ల దిగులు కొలవడానికి 1980లలో తయారైన జీడీఎస్ అనే ప్రశ్నల పట్టిక ఉంది. అవును, కాదు అని చెబితే చాలు. పొట్టిదాంట్లో 15 ప్రశ్నలే. మతిమరుపుకి వాడే అడెన్‌బ్రూక్ పరీక్షకి తెలుగు రూపం ఉంది. హైదరాబాద్ నిమ్స్‌లో దాన్ని వాడి పరిశోధన చేసిన డాక్టర్ సువర్ణ అల్లాడి తర్వాత మానసిక, నరాల జబ్బులకి పేరున్న మన బెంగళూరు నిమ్హాన్స్‌కే వచ్చారు. ఇంగ్లిషులోనో హిందీలోనో అడిగి "స్కోరు తక్కువొచ్చింది" అంటే అది జ్ఞాపకశక్తి లోపమో భాష లోపమో ఎవరు చెప్పాలి?

ఎవరికి తీయించాలి, ఎవరికి అక్కర్లేదు

ముప్ఫై ఏళ్ల నుంచి కంగారు మనిషి. కోడలు ఆఫీసు నుంచి పది నిమిషాలు లేటైతే వాకిట్లో నిలబడే మనిషి. ఇప్పుడూ అదే కంగారు, కాస్త ఎక్కువైంది. మతి బాగుంది, నడక బాగుంది. ఈమెకి స్కాన్ వల్ల ఒరిగేదేమీ లేదు.

అరవై దాటేదాకా ఎప్పుడూ లేని దిగులు మొదటిసారి వచ్చిందంటే లెక్క మారుతుంది. భర్త పోయాక వచ్చిన దుఃఖం అయితే కారణం కళ్లముందే ఉంది, కొన్నాళ్లు ఆగి చూడొచ్చు. ఏ కారణమూ లేకుండా వచ్చినా, మందు సరైన మోతాదులో తగినన్ని వారాలు వాడినా కదలిక లేకపోయినా డాక్టర్లు ఎక్కువగా ఒక ఎమ్మారై రాస్తారు. అది సబబే.

ఆలస్యం చేయకూడని గుర్తులు వేరే ఉన్నాయి. కొత్తగా వచ్చిన తలనొప్పి, ఫిట్స్, మాట తడబడటం, ఒక వైపు బలం తగ్గడం, మనిషి స్వభావమే మారిపోవడం. అడుగులు నేలకి అంటుకున్నట్టు నడవడం, మూత్రం ఆపుకోలేకపోవడం, ఆలోచన మందగించడం మూడూ కలిసి వస్తే మెదడులో నీరు చేరిందేమో చూడాలి. దీన్ని ముసలితనం అని వదిలేస్తుంటారు, కానీ కొందరికి ఆపరేషన్‌తో బాగుపడే జబ్బు ఇది.

చావు గురించి మాట్లాడటం, తిండి నీళ్లు మానేయడం మొదలైతే స్కాన్ లైన్లో నిలబడే సమయం కాదు. అదే రోజు సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్లాలి, లేదా ఎమర్జెన్సీకి. 14416 టెలి మానస్ నంబరు రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

సీటీనా, ఎమ్మారైయా

సీటీ ఎక్స్‌రేతో పనిచేస్తుంది. పడుకోబెట్టి తీసి లేపడానికి కొద్ది నిమిషాలు చాలు. ఖర్చూ తక్కువే. దాని బలం రక్తస్రావాన్ని, ఎముక విరగడాన్ని వెంటనే పట్టడం. బాత్రూములో జారిపడి రెండు మూడు వారాలైంది, అప్పుడు ఏం కాలేదన్నారు, ఇప్పుడు మగతగా, ఉలుకూ పలుకూ లేకుండా ఉంటున్నారు, పైగా గుండెకి రక్తం పల్చబడే మాత్ర వేసుకుంటారు. ఇలాంటప్పుడు సీటీ ఈరోజే తీయించాలి. పుర్రె కింద రక్తం మెల్లగా చేరుతుంటే మనిషి పైకి డిప్రెషన్ వచ్చినట్టే ఉంటారు. రేడియేషన్ గురించి భయపడేవాళ్లకి: తల సీటీలో సుమారు 2 మిల్లీసీవర్ట్‌లు, ప్రకృతి నుంచి ఏడాదిలో మన ఒంటికి తగిలేదానికి దగ్గర. డెబ్బై ఏళ్ల మనిషి విషయంలో దీనికి టెన్షన్ పడనక్కర్లేదు.

ఎమ్మారైలో రేడియేషన్ లేదు, అయస్కాంతం ఉంది. ఇరవై నుంచి నలభై నిమిషాలు కదలకుండా పడుకోవాలి. ఖర్చు సీటీకి కొన్ని రెట్లు. కానీ చిన్న స్ట్రోకులు, వైట్ మ్యాటర్‌లో మచ్చలు, జ్ఞాపకశక్తికి ముఖ్యమైన హిప్పోకాంపస్ కుంచించుకుపోవడం, సూక్ష్మమైన రక్తపు చుక్కలు దీనిలో కనిపించినంత బాగా సీటీలో కనపడవు. తొందర లేనప్పుడు, పెద్దవయసులో కొత్తగా వచ్చిన దిగులుకి కారణం వెతకాలంటే నా ఓటు ఎమ్మారైకే. ముందు సీటీ తీసి, మళ్లీ వారానికి ఎమ్మారై తీస్తే రెండు ఖర్చులు. ఎమర్జెన్సీ కాకపోతే మొదటే ఎమ్మారై రాయించుకోవడం మేలు.

1.5 టెస్లానా, 3 టెస్లానా అని అడుగుతుంటారు. టెస్లా అంటే మిషన్ అయస్కాంతం బలానికి కొలత. ఈ పనికి 1.5 సరిపోతుంది. పెద్ద మిషన్ కోసం ఎక్కువ కట్టి ఊరవతలికి వెళ్లేకంటే, డాక్టర్ చేత రిక్వెస్ట్ ఫారం మీద "మెమరీ సమస్య, డిప్రెషన్ మొదటిసారి" అన్నట్టు స్పష్టంగా రాయించండి. అది చూసే రేడియాలజిస్ట్ హిప్పోకాంపస్‌ని విడిగా చూసి రాస్తాడు. ఉత్తి "తలనొప్పి" అని రాస్తే రిపోర్టూ అంతవరకే వస్తుంది. కాంట్రాస్ట్, అంటే బొమ్మలో తేడా స్పష్టంగా కనపడటానికి ఇచ్చే ఇంజెక్షన్, మామూలుగా అక్కర్లేదు. గడ్డో ఇన్ఫెక్షనో అనుమానం ఉంటేనే. కిడ్నీలు బలహీనంగా ఉన్నవాళ్లకి ఇచ్చేముందు క్రియాటినిన్ చూస్తారు.

గాభరా మనిషిని ఎమ్మారైలోకి పంపడం

అసలు కష్టం ఇక్కడే. గాభరాకని తీయించే స్కానే గాభరా పెడుతుంది. తల చుట్టూ, ముఖం పైన ప్లాస్టిక్ చట్రం బిగిస్తారు. టకటకమని, గరగరమని చప్పుడు. గది చల్లగా ఉంటుంది. ముందురోజే చెప్పి ఉంచండి: ఎంతసేపు పడుతుంది, చప్పుడు వస్తుంది, చెవుల్లో దూది లాంటివి పెడతారు, చేతిలో రబ్బరు బంతి ఇస్తారు, నొక్కితే ఆపేస్తారు. లోపలికి వెళ్లేటప్పుడే కళ్లు మూసుకుని, బయటికి వచ్చేదాకా తెరవకపోతే చాలామందికి సులువుగా గడిచిపోతుంది. ఒంటి మీద లోహం లేని తోడు మనిషిని గదిలో కాళ్ల దగ్గర కూర్చోనిచ్చే సెంటర్లున్నాయి, అడగండి. టెక్నీషియన్‌కి కన్నడం, హిందీ, తమిళం వస్తాయి. తెలుగు కూడా వచ్చే అవకాశం ఎక్కువే. "కదలొద్దమ్మా, ఇంకో ఐదు నిమిషాలే" అన్న మాట ఆమె భాషలో మైకులో వినపడితే తేడా ఉంటుంది.

లోహం విషయంలో మన పెద్దవాళ్లని వెతకాల్సిన తీరు వేరు. చైను, గాజులు ఎవరైనా తీయిస్తారు. జాకెట్టు లోపల గుచ్చిన పిన్నీసులు, మంగళసూత్రానికి తగిలించిన పిన్నీసులు, మొలతాడు, తాయెత్తు, మెట్టెలు, తలలో పిన్నులు, కట్టుడు పళ్లు, వినికిడి మిషన్: వీటి జాబితా ఇంట్లోనే చూసుకోండి. మంగళసూత్రం అక్కడ తీయమంటే కొందరికి అదే పెద్ద టెన్షన్. పసుపుతాడు మీద ఉండి వెళ్తే ఆ గొడవ లేదు. పేస్‌మేకర్ ఉంటే ముందే చెప్పి దాని కార్డు చూపాలి. కొత్తవి కొన్ని ఎమ్మారైకి పనికొస్తాయి, పాతవి చాలావరకు పనికిరావు. గుండె స్టెంట్లు, మోకాలి చిప్పల మార్పిడి సాధారణంగా అడ్డు కాదు, అయినా కాగితాలు చూపించండి. మెదడు ఆపరేషన్‌లో పెట్టిన పాత క్లిప్పులు, కంట్లో ఇనుప రజను పడిన చరిత్ర ఉంటే తప్పకుండా చెప్పాలి.

ఇంట్లో ఉన్న నిద్రమాత్ర మీరే వేసి తీసుకెళ్లొద్దు. పెద్దవాళ్లలో ఒక్క మాత్రకే తూలి పడటం, అయోమయం వస్తాయి. అంత భయం ఉంటే డాక్టరే మోతాదు రాస్తాడు, లేదా మత్తు డాక్టర్ ఉన్న ఆసుపత్రిలో తీయిస్తాడు.

రిపోర్టు చేతికొచ్చాక

సాయంత్రానికి ఫోన్‌లో పీడీఎఫ్ వస్తుంది. అది ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులోకి వెళ్తుంది. అమెరికాలో ఉన్న తమ్ముడు గూగుల్ చేస్తాడు. అర్ధరాత్రికి ఇంటిల్లిపాదికీ గాభరా. కాబట్టి తరచు కనిపించే మాటలు ముందే తెలుసుకుంటే మంచిది. "ఏజ్ రిలేటెడ్ అట్రఫీ" అంటే వయసుతో మెదడు కాస్త కుంచించుకుంది, జుట్టు నెరిసినట్టే. "మ్యూకోసల్ థికెనింగ్" అంటే సైనస్, దిగులుతో సంబంధం లేదు.

నిజంగా ఆగి చూడాల్సింది "స్మాల్ వెసల్ ఇస్కీమిక్ చేంజెస్" అనే మాట. మెదడు లోతుల్లోని సన్నటి రక్తనాళాలు బీపీ, షుగర్, పొగ వల్ల గట్టిపడి అక్కడక్కడా సరఫరా తగ్గిన గుర్తులు. పక్కనే "ఫజేకాస్ గ్రేడ్" అని అంకె ఉంటుంది. 1987లో వచ్చిన ఈ కొలతలో 0 నుంచి 3 దాకా ఉంటాయి. డెబ్బై దాటినవాళ్లలో 1 చాలా మామూలు, దాన్ని పట్టుకుని దిగులుకి కారణం దొరికిందనుకోవద్దు. 2, 3 అయితే మాట్లాడాలి. ఇలాంటి మచ్చలు ఎక్కువైనప్పుడు భావాల్ని, పనుల్ని నడిపే దారులు తెగి దిగులు రావచ్చని 1997లో అలెక్సోపౌలోస్ అనే అమెరికా సైకియాట్రిస్టు, ఆయన తోటివాళ్లు వివరించారు. దీన్నే వాస్కులర్ డిప్రెషన్ అంటారు. వీళ్లు ఎక్కువ ఏడవరు. ఏ పనీ మొదలుపెట్టరు, నిర్ణయం తీసుకోలేరు, నడక నెమ్మదిస్తుంది. మాత్రలకి లొంగడం కూడా కొంత ఆలస్యం. ఇంట్లోవాళ్లు బద్ధకం అంటుంటారు, అది బద్ధకం కాదని రిపోర్టు చెబుతుంది. డాక్టర్ బీపీ, షుగర్ గట్టిగా పట్టుకుంటాడు. పక్షవాతం రాకుండా ఏం చేయాలో చూస్తాడు. దిగులు మందు మాత్రం చాలావరకు అదే ఉంటుంది.

నాకు ఎక్కువ భయం కలిగించేది నార్మల్ రిపోర్టు. "ఏమీ లేదంట, బాగానే ఉంది" అని ఊరికి ఫోన్లు వెళ్తాయి. ఆ రోజు నుంచి అమ్మ నిద్ర పట్టట్లేదంటే "స్కాన్‌లో ఏం లేదన్నారు కదా" అనే జవాబు సిద్ధంగా ఉంటుంది. స్కాన్ నార్మల్ అంటే గడ్డ లేదు, స్ట్రోకు లేదు, ఇక దిగులుకి నిశ్చింతగా వైద్యం మొదలుపెట్టొచ్చని అర్థం. సైకియాట్రిస్ట్ అంటే రానని మొండికేసిన నాన్న స్కాన్ అంటే చొక్కా వేసుకుని బయల్దేరతాడు, అది ఒప్పుకోవాలి. ఆ వంకతోనైనా తీసుకెళ్లండి. రిపోర్టు చూపించే అపాయింట్‌మెంట్ మాత్రం స్కాన్ బుక్ చేసిన రోజే తీసుకోండి.

పెట్ స్కాన్ ఎప్పుడు

దిగులా, మతిమరుపు జబ్బా అన్నది డాక్టర్‌కీ తేలనప్పుడు. డిప్రెషన్‌లో ఉన్నవాళ్లు "నాకేం గుర్తుండట్లేదు" అని తామే చెప్పుకుని బాధపడతారు. అల్జీమర్స్ మొదలైనవాళ్లు ఎక్కువగా కప్పిపుచ్చుతారు, తప్పు ఇంట్లోవాళ్ల మీదికి తోస్తారు. ఇది ప్రతిసారీ నిజం కాదు, రెండూ కలిసి రావడమూ ఉంది. ఎఫ్‌డీజీ పెట్ మెదడులో ఏ భాగం ఎంత గ్లూకోజ్ వాడుతోందో చూపిస్తుంది. అల్జీమర్స్‌లో వెనక, పక్క భాగాల్లో తగ్గుతుంది. మర్యాదస్తుడైన మనిషి అరవైల్లో ఉన్నట్టుండి నోటికొచ్చినట్టు మాట్లాడటం, స్వీట్ల మీద పడటం, ఎవరి బాధా పట్టనట్టు ఉండటం మొదలైతే ముందు భాగాలు దెబ్బతినే జబ్బు అనుమానిస్తారు. దానికి ఈ పెట్ బాగా ఉపయోగం. డిప్రెషన్‌లో కూడా ముందుభాగం కాస్త తగ్గొచ్చు కాబట్టి ఒంటరిగా దీన్ని నమ్మి పేరు పెట్టరు. వెళ్లేముందు నాలుగు నుంచి ఆరు గంటలు ఏమీ తినకూడదు, షుగర్ అదుపులో ఉండాలి. ఎక్కించే రేడియోధార్మిక మందు బలం 110 నిమిషాల్లో సగానికి పడిపోతుంది, అందుకే చెప్పిన టైముకి వెళ్లకపోతే డోసు వృథా.

అమిలాయిడ్ పెట్ అని ఇంకోటుంది, అల్జీమర్స్‌లో మెదడులో పేరుకునే అమిలాయిడ్ అనే ప్రొటీన్‌ని చూపిస్తుంది. డెబ్బై దాటిన ఆరోగ్యవంతుల్లో కూడా కొందరికి అమిలాయిడ్ కనిపిస్తుంది, కాబట్టి దిగులు కోసం దీని జోలికి పోవద్దు. సాయంత్రాలు లేని మనుషులు కనపడటం, నిద్రలో అరిచి చేతులు విసరడం, నడక మందగించడం ఉంటే కదలికల్ని నడిపే డోపమిన్ అనే రసాయనాన్ని చూసే స్కాన్ న్యూరాలజిస్టు రాస్తారు. అలాంటివాళ్లకి కొన్ని మానసిక వైద్యపు మందులు ప్రమాదం, అందుకే ముందే తేల్చుకోవడం విలువైన పని.

రంగుల బొమ్మల బేరం

"బ్రెయిన్ మ్యాపింగ్ చేసి మీ యాంగ్జైటీ ఎక్కడుందో చూపిస్తాం" అంటూ స్పెక్ట్, ఎఫ్ఎమ్మారై (మెదడు ఏ భాగం పనిచేస్తోందో చూపే స్కాన్లు), కంప్యూటర్ ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాల) బొమ్మలు చూపించేవాళ్లని నమ్మి డబ్బు పెట్టొద్దు. 1990లో శాస్త్రవేత్త సెయిజి ఒగావా చూపిన రక్తంలోని ఆక్సిజన్ సంకేతం మీద నిలిచిన ఎఫ్ఎమ్మారై గొప్ప పరిశోధన పనిముట్టు. దిగులున్న కొన్ని వందలమంది సగటు, లేనివాళ్ల సగటు పక్కపక్కన పెడితే హిప్పోకాంపస్ పరిమాణంలో, భయాన్ని నడిపే అమిగ్డాలా స్పందనలో తేడా కనిపిస్తుంది. కానీ రెండు గుంపుల అంకెలు ఒకదాని మీద ఒకటి ఎంతగా కలిసిపోతాయంటే, మీ అమ్మ ఒక్క బొమ్మ చూసి ఆమె ఏ గుంపో చెప్పలేరు. ఫిట్స్ అనుమానం ఉంటే తీసే మామూలు ఈఈజీ వేరే సంగతి, అది అవసరమే.

పరిశోధనలో పాల్గొనాలనుంటే దారి వేరు. ఐఐఎస్సీ ఆవరణలోని సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్ కోలారు జిల్లా శ్రీనివాసపురం పల్లెల్లో 45 ఏళ్లు దాటిన 10,000 మందిని ఏళ్ల తరబడి గమనించే పని పెట్టుకుంది. మామిడితోటల ఆ సరిహద్దు ఊళ్లలో ఇంట్లో తెలుగే మాట్లాడేవాళ్లు బోలెడుమంది. వాళ్ల ఎమ్మారైలు, జ్ఞాపకశక్తి పరీక్షలు, దిగులు కొలతలు కలిపి చూస్తున్నారు. వాటి ఫలితం రేపటి వైద్యానికి పనికొస్తుంది, ఈరోజు మీ ఇంట్లో నిర్ణయానికి కాదు.

ఎక్కడ, ఎంత, ఎవరు కడతారు

హోసూరు రోడ్డు మీది నిమ్హాన్స్‌లో సైకియాట్రీ, న్యూరాలజీ, స్కాన్లు ఒకే ఆవరణలో ఉంటాయి. వృద్ధుల మానసిక వైద్యానికి విడిగా విభాగం ఉంది. బీపీఎల్ కార్డు ఉన్నవాళ్లకి రాయితీలుంటాయి. పొద్దున్నే వెళ్లాలి, రోజంతా పడుతుంది. పెద్దాయనకి తినడానికి, కూర్చోడానికి ఏర్పాటు చూసుకుని వెళ్లండి. ప్రైవేటులో సెంటర్‌కీ సెంటర్‌కీ ధర చాలా తేడా, రెండు మూడు చోట్ల అడిగితే తగ్గుతుంది.

2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఇన్సూరెన్స్ కంపెనీలు మానసిక జబ్బుని శరీర జబ్బుతో సమానంగా చూడాలి. అలాగని ఓపీ స్కాన్‌కి డబ్బు వస్తుందని కాదు. స్కాన్ కోసమే అడ్మిట్ అయితే క్లెయిము తిరగ్గొడతారు. 2024 అక్టోబరులో 70 ఏళ్లు దాటినవాళ్లందరికీ వర్తింపజేసిన ఆయుష్మాన్ కార్డు కూడా అడ్మిషన్ వైద్యానికే, ఓపీ ఖర్చుకి కాదు.

ఫిల్ముతో పాటు సీడీ తప్పకుండా అడిగి తీసుకోండి, దాచండి. రెండేళ్ల తర్వాత మతిమరుపు అనుమానం వస్తే కొత్త ఎమ్మారైని పోల్చడానికి అదే ఆధారం. మందు పనిచేస్తోందా అని చూడటానికి మాత్రం ఆరు నెలలకోసారి స్కాన్ తీయించనక్కర్లేదు. దానికి జీడీఎస్ ప్రశ్నలు మళ్లీ అడిగితే చాలు, రెండు వారాలకోసారి బరువు చూసి రాసుకోండి, మందు మొదలుపెట్టిన కొన్ని వారాలకి సోడియం ఒకసారి చూపించండి.